ఎపికోఎక్టమీ (పంటి వేరు చివర కోసే సర్జరీ) తర్వాత ఎముక గుంటలో ఏం పెట్టాలి? లేబియల్ (పెదవి వైపు), పాలటల్ (అంగిటి వైపు) గోడలు రెండూ పోయిన లాటరల్ ఇన్సైజర్ కేసు

పీజీ_కన్జర్వేటివ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒక కేసు మీద సలహా కావాలి.

పేషెంట్ వయసు 34, మగ. 12 నంబరు పన్నుకి (పై కుడి లాటరల్ ఇన్సైజర్) పాత ఆర్‌సీటీ (రూట్ కెనాల్), పైన కాస్ట్ పోస్ట్ (కాలువలో దించిన లోహపు కడ్డీ), క్రౌన్ ఉన్నాయి. పోస్ట్ పొడవుగా, గట్టిగా ఉంది. తీస్తే రూట్ విరిగే ప్రమాదం ఉంది కాబట్టి రీట్రీట్‌మెంట్ వద్దనుకుని ఎపికోఎక్టమీకి ప్లాన్ చేస్తున్నాం. సీబీసీటీలో (3డీ ఎక్స్‌రే) లీజన్ (వేరు చివర జబ్బు పడిన భాగం) మీసియోడిస్టల్‌గా (పక్కలకి) 12 మి.మీ., ఎత్తు 11, లోతు 10 ఉంది. లేబియల్ ప్లేట్ బాగా తినేసి ఉంది. పాలటల్ ప్లేట్‌లో కూడా దాదాపు 4 మి.మీ. రంధ్రం ఉంది. అంగిట్లో చిన్న వాపు. పక్క పళ్లు 11, 13 చల్లదనానికి మామూలుగానే స్పందిస్తున్నాయి, కానీ లీజన్ అంచు 11 ఎపెక్స్ (వేరు కొన) దాకా వచ్చింది. 12 చుట్టూ ఎక్కడా 3 మి.మీ. దాటిన పాకెట్ లేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.4. రోజుకి రెండు మూడు ఖైనీ పొట్లాలు వేస్తాడు.

అడగదలుచుకున్నవి ఇవీ. గుంటలో రక్తం గడ్డ కట్టేలా వదిలేస్తే చాలా, పీఆర్ఎఫ్ (పేషెంట్ రక్తం నుంచే తీసే ఫైబ్రిన్ గడ్డ) పెట్టాలా, డీఎఫ్‌డీబీఏ (దాత ఎముక నుంచి చేసిన గింజలు), మెంబ్రేన్ (గుంటని కప్పే పలుచటి పొర) రెండూ కావాలా? రక్తం ఆపడానికి ఫెర్రిక్ సల్ఫేట్ వాడవచ్చా? ఎముక నిండిందా లేదా అని ఎన్నాళ్లకు తేల్చుకోవాలి?

---

ఎండో_హైదరాబాద్

డాక్టర్ గారూ, గ్రాఫ్ట్ (గుంటలో నింపే ఎముక పదార్థం) సంగతి పెరియో (చిగుళ్ల విభాగం) వాళ్లు చెబుతారు. దానికి ముందు జరిగే పని గురించి నేను రాస్తాను. గుంట నిండకపోవడానికి ఎక్కువసార్లు కారణం గుంటలో ఏమీ పెట్టకపోవడం కాదు, రూట్ చివర నుంచి ఇంకా లీకేజ్ ఉండటం. రెట్రోఫిల్ (కోసిన వేరు చివర వేసే మూత) సరిగా లేని పన్ను చుట్టూ ఎంత ఖరీదైన గ్రాఫ్ట్ పోసినా ఇన్‌ఫెక్షన్ దాన్ని తినేస్తుంది.

రూట్ చివర 3 మి.మీ. కోయండి. పక్క కాలువలు, చిన్న చీలికలు ఎక్కువగా ఉండేది ఆ చివరి 3 మి.మీ.లోనే. కోత పన్ను పొడవుకి అడ్డంగా ఉండాలి, వాలు 10 డిగ్రీలు దాటకూడదు. పాత పద్ధతిలో 45 డిగ్రీల వాలు కోసేవాళ్లు. అలా కోస్తే లేబియల్ వైపు ఎక్కువ రూట్ పోతుంది, పాలటల్ వైపు అసలు ఎపెక్స్ మిగిలిపోతుంది, తెరుచుకునే డెంటైన్ ట్యూబుల్స్ కూడా ఎక్కువ. లాటరల్ రూట్ చివర పాలటల్, డిస్టల్ వైపు వంగి ఉంటుంది కాబట్టి ఈ పన్నులో ఆ పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. కోశాక మిథిలీన్ బ్లూ రంగు అద్ది, సెలైన్‌తో కడిగి, మైక్రోస్కోప్ కింద చూడండి. చుట్టూ పీడీఎల్ (పన్నుని ఎముకకి పట్టి ఉంచే పొర) గీత వలయంలా తెగకుండా కనిపిస్తే మొత్తం రూట్ కోసినట్టు. వలయం ఎక్కడైనా తెగితే ఆ వైపు ఇంకా రూట్ మిగిలి ఉంది. నీలం గీత కాలువ నుంచి బయటి అంచుకి పరిగెడితే అది క్రాక్. పోస్ట్ ఉన్న పన్ను కాబట్టి దాన్ని ప్రత్యేకంగా వెతకండి. క్రాక్ దొరికితే గ్రాఫ్ట్ ప్యాకెట్ విప్పొద్దు, పన్ను గురించే మళ్లీ ఆలోచించాలి.

అల్ట్రాసోనిక్ టిప్‌తో పన్ను అక్షం వెంట 3 మి.మీ. లోతు రెట్రోప్రిప్ (రెట్రోఫిల్ పట్టడానికి గుంత) చేయండి, నీళ్లు ఆగకుండా పడుతూ ఉండాలి. లేబియల్ గోడ మీద గట్టాపర్చా (పాత ఆర్‌సీటీలో నింపిన పదార్థం) అంటుకుని ఉండిపోతుంది. మైక్రో మిర్రర్‌లో చూడకపోతే తెలియదు. ముందే కొలుచుకోవాల్సింది ఇంకొకటి ఉంది: పోస్ట్ చివరకీ కోత గీతకీ మధ్య ఎంత దూరం ఉందో సీబీసీటీలో చూసుకోండి. 3 మి.మీ. కోసి, 3 మి.మీ. ప్రిప్ చేయడానికి చోటు లేకపోతే టిప్ పోస్ట్ లోహానికి తగులుతుంది. అప్పుడు దొరికినంత లోతే చేసుకోవాలి, ఆ సంగతి పేషెంట్‌కి ముందే చెప్పాలి.

మెటీరియల్ విషయానికొస్తే ఎంటీఏ (ఒక రకం సిమెంట్) బాగా పనిచేస్తుంది, కానీ సెట్ అవడానికి దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. ఇంత పెద్ద గుంటలో రెట్రోఫిల్ తర్వాత మీరు గ్రాఫ్ట్ పెట్టాలి, అంటే ఎంటీఏ కొట్టుకుపోయే అవకాశం ఎక్కువ. బయోసెరామిక్ పుట్టీ అయితే చేతికి ముద్దలా వస్తుంది, కడిగినా నిలుస్తుంది. బయోడెంటిన్ 12 నిమిషాల్లో గట్టిపడుతుంది, కానీ ఎక్స్‌రేలో డెంటైన్‌లాగే కనిపిస్తుంది కాబట్టి ఫిల్ ఎంత లోతు వెళ్లిందో తేల్చుకోవడం కష్టం. ఏది వాడినా కడగాల్సిందంతా ముందే కడిగేసి, రెట్రోఫిల్ తర్వాత గుంటలోకి సిరంజితో సెలైన్ కొట్టకండి. తడి మైక్రోబ్రష్‌తో అంచులు తుడిస్తే చాలు.

ఇక రక్తం. ఫెర్రిక్ సల్ఫేట్ ఈ కేసులో వద్దు. దాని ఆమ్లత్వం చాలా ఎక్కువ, తగిలిన చోట కణజాలాన్ని మాడ్చి రక్తనాళాలను మూస్తుంది. 1993లో కుందేళ్ల దవడల మీద వచ్చిన రెండు పరిశోధనలు ఈ విషయాన్ని తేల్చాయి: గుంటలో వదిలేస్తే ఫారిన్ బాడీ రియాక్షన్ వచ్చి ఎముక ఆలస్యంగా కట్టింది, పూర్తిగా గీకి కడిగేస్తే ఆ తేడా కనిపించలేదు. గోడలన్నీ ఎముకే అయితే గీకవచ్చు. మీ కేసులో అంగిటి వైపు గోడ లేదు, మందు నేరుగా అంగిటి మెత్తటి కణజాలంలోకి పోతుంది. అక్కడ ఎలా గీకుతారు?

దానికి బదులు ఇంజెక్షన్ దగ్గరే పని కానివ్వండి. 1:80,000 అడ్రినలిన్ ఉన్న 2 శాతం లిగ్నోకైన్‌ని లేబియల్ వైపు నాలుగైదు చోట్ల నెమ్మదిగా, నిమిషానికి 1 మి.లీ. మించకుండా ఇవ్వండి. నేసోపాలటైన్ బ్లాక్, లీజన్ ఎదురుగా అంగిట్లో కొద్దిగా. ఆ తర్వాత 15 నిమిషాలు ఆగండి. చాలామంది 5 నిమిషాలకే కోత పెట్టి, రక్తం ఆగడం లేదని తర్వాత అవస్థ పడతారు. గ్రాన్యులేషన్ టిష్యూ (గుంటలోని జబ్బు పడిన మెత్తటి కణజాలం) మొత్తం బయటికి వచ్చేదాకా రక్తం వస్తూనే ఉంటుంది, అది వచ్చేశాక సగం దానంతట అదే తగ్గుతుంది. అప్పటికీ కారుతుంటే అడ్రినలిన్‌లో తడిపిన పెల్లెట్లు (చిన్న ఉండలు) గుంటలో పెట్టి, పైన పొడి గాజుగుడ్డతో 3, 4 నిమిషాలు నొక్కండి. పెల్లెట్లు లెక్కపెట్టి పెట్టండి, లెక్కపెట్టి తీయండి. మామూలు దూది అయితే పోగులు ఎముకకి అంటుకుని ఉండిపోతాయి. నెలల తర్వాత ఎక్స్‌రేలో నల్లగా మిగిలే మచ్చకి ఆ పోగులూ ఒక కారణమే. బోన్ వాక్స్ అసలు వద్దు, అది శరీరంలో కరగదు.

ఎముక కోసేటప్పుడు వేడి గురించి ఒక మాట. 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక నిమిషం ఉంటే చాలు, ఎముక దెబ్బతిని తర్వాత కట్టే పరిమాణం తగ్గుతుందని 1983లోనే చూపించారు. కాబట్టి కొత్త బర్, తేలికైన స్పర్శ, ధారగా చల్లని సెలైన్. మామూలు ఏరోటర్ (గాలితో తిరిగే డ్రిల్) వాడకండి. దాని గాలి ఫ్లాప్ (కోసి ఎత్తిన చిగురు) కిందికి పోయి ఎంఫసీమా (చర్మం కింద గాలి చేరి వాపు) వస్తుంది. వెనక నుంచి గాలి వదిలే 45 డిగ్రీల సర్జికల్ హ్యాండ్‌పీస్ గానీ, స్ట్రెయిట్ హ్యాండ్‌పీస్ గానీ వాడండి.

11 ఎపెక్స్ దగ్గర ఉన్న టిష్యూని పట్టుబట్టి గీకకండి. ఆ పన్ను బతికి ఉంది, క్యూరెట్ అక్కడి రక్తనాళాలు తెంపితే దానికీ ఆర్‌సీటీ చేయాల్సి వస్తుంది. అక్కడ పలుచటి పొర మిగిలినా నష్టం లేదు. కారణం 12 రూట్‌లో ఉంది కాబట్టి అది మూసుకుంటే మిగిలిన టిష్యూని శరీరమే సర్దుకుంటుంది. తీసిన టిష్యూని పారేయకుండా 10 శాతం ఫార్మలిన్‌లో వేసి బయాప్సీకి పంపండి.

---

పెరియో_విజయవాడ

ఎండో సార్ చెప్పినదంతా నిజం. అక్కడి నుంచి నేను అందుకుంటాను.

గ్రాఫ్ట్ కావాలా వద్దా అన్నది గుంట సైజును బట్టి కాదు, ఎన్ని గోడలు మిగిలాయన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. పాలటల్ ప్లేట్ ఉండి లేబియల్ వైపు మాత్రమే తెరుచుకున్న గుంట 8, 9 మి.మీ. ఉన్నా రక్తం గడ్డతోనే నిండుతుంది. అక్కడ ఏమీ పెట్టనవసరం లేదు, పెట్టినా చివరికి పెద్ద తేడా ఉండదు. రెండు వైపులా ప్లేట్ పోతే కథ వేరు. లేబియల్ పెరియోస్టియం (ఎముక పైపొర) నుంచి ఒకవైపు, అంగిటి నుంచి ఇంకోవైపు ఫైబ్రస్ టిష్యూ ఎముక కంటే వేగంగా పెరిగి గుంట మధ్యలో కలుసుకుంటుంది. ఎముక అంచుల నుంచి నెమ్మదిగా వచ్చి అక్కడ ఆగిపోతుంది. కుక్కల దవడల్లో రెండు కార్టికల్ ప్లేట్లూ (బయటి గట్టి ఎముక గోడలు) తీసేస్తే 5 మి.మీ. గుంట కూడా పూర్తిగా నిండలేదని 1971 నాటికే తెలుసు. 2001లో ఫాన్ ఆర్క్స్, కాక్రన్ ఇచ్చిన వర్గీకరణలో మీ కేసు ఒకటో తరగతి బి: గుంట పెరియాపికల్‌గానే (వేరు చివర చుట్టూ) ఉంది, పాలటల్ ప్లేట్ కూడా పోయింది, చిగురు మార్జిన్ దాకా రాలేదు. మెంబ్రేన్ వల్ల నిజంగా లాభం కనిపించే కేసుల్లో ఇదొకటి. మీ పేషెంట్‌కి మెంబ్రేన్ పెట్టండి.

ముందు ఫ్లాప్ డిజైన్. సబ్‌మార్జినల్ కోత (చిగురు అంచుకి దూరంగా పెట్టేది) ఈ కేసుకి పనికిరాదు. కోత గీత సరిగ్గా గుంట మీదికో, మెంబ్రేన్ అంచు మీదికో వస్తుంది, అక్కడే విడిపోతుంది. సల్కస్ (పన్నుకీ చిగురుకీ మధ్య సందు) లోంచి, పాపిల్లాల (పళ్ల మధ్య చిగురు) దగ్గర పాపిల్లా బేస్ కోత తీసుకోండి. వర్టికల్ కోత గుంట అంచుకి కనీసం ఒక పన్ను అవతల, గట్టి ఎముక మీద పడాలి, అంటే 13 డిస్టల్ వైపు. క్రౌన్ అంచు దగ్గర చిగురు ఒక అర మి.మీ. దిగే అవకాశం ఉందని పేషెంట్‌కి ముందే చెప్పి సంతకం తీసుకోండి. ముందు పన్ను కాబట్టి తర్వాత గొడవ వచ్చేది ఎముక గురించి కాదు, ఈ అంచు గురించే.

మెంబ్రేన్ ఎలా పెట్టాలంటే: 20 × 30 మి.మీ. కొలాజెన్ మెంబ్రేన్ ఒక్కటి చాలు. దాంట్లోంచి 8, 9 మి.మీ. గుండ్రటి ముక్క కోసి, గుంట లోపలి నుంచి పాలటల్ రంధ్రం మీద పరవండి. చుట్టూ 2 మి.మీ. ఎముక మీద ఆనాలి. దీనివల్ల రెండు పనులు అవుతాయి: అంగిటి టిష్యూ లోపలికి రాదు, గ్రాఫ్ట్ గింజలు అంగిట్లోకి జారవు. తర్వాత గ్రాఫ్ట్. ఆ పైన మిగిలిన ముక్కని లేబియల్ వైపు, గుంట అంచు దాటి అన్ని వైపులా వీలైతే 3 మి.మీ., తప్పకపోతే 2 మి.మీ. వచ్చేలా కత్తిరించి పరవండి. మూలలు గుండ్రంగా కోయాలి, పదునైన మూల ఫ్లాప్‌ని చీల్చుకుని బయటికి వస్తుంది. కొలాజెన్‌కి ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా ఉంటే గరుకు వైపు ఎముక మీదికి. టెంప్లేట్‌ని కుట్టు దారం కవర్ రేకుతో ముందే కోసి చూసుకోండి. తడిసిన కొలాజెన్ మెత్తబడి ఎక్కడికక్కడ అంటుకుంటుంది, దాన్ని రెండోసారి సర్దడం కుదరదు.

గ్రాఫ్ట్ ఎంత కావాలో లెక్క వేసుకోండి. 12 × 11 × 10 మి.మీ. గుంటని గుడ్డు ఆకారం అనుకుంటే దాదాపు 0.7 మి.లీ. అవుతుంది. 0.5 సీసీ వయల్ ఒక్కటి సరిపోదు, పీఆర్ఎఫ్ ముక్కలతో కలిపితే సరిపోతుంది. డీఎఫ్‌డీబీఏ అయితే ముంబై టాటా మెమోరియల్ టిష్యూ బ్యాంక్ నుంచి తెప్పించుకోవచ్చు, కార్పొరేట్ బ్రాండ్ల కంటే చాలా చవక. ముందుగా ఆర్డర్ పెట్టుకోవాలి. గింజల్ని సెలైన్‌లో గానీ పేషెంట్ రక్తంలో గానీ తడిపి, తేలిగ్గా నింపండి. ప్లగ్గర్‌తో గట్టిగా కుక్కితే గింజల మధ్య కొత్త రక్తనాళాలు వెళ్లే సందు ఉండదు. కార్టికల్ మట్టం దాకానే నింపాలి, కుప్ప పోయకూడదు. నింపే ముందు గుంట గోడల్ని క్యూరెట్‌తో కొద్దిగా గీకి తాజా రక్తం రానివ్వండి. అడ్రినలిన్ పెల్లెట్ తీసేసిన గోడ తెల్లగా, ఎండిపోయి ఉంటుంది. అలాంటి గోడ మీద ఏం పెట్టినా పట్టదు.

బోవైన్ (ఆవు ఎముక) గ్రాఫ్ట్ కూడా వాడొచ్చు. కానీ అది ఏళ్ల తరబడి కరగదు, ఎక్స్‌రేలో మొదటి రోజు నుంచే తెల్లగా కనిపిస్తుంది. ఏది ఎముకో ఏది గింజో తేల్చుకోలేరు. ఈ పన్నులో ఫాలోఅప్ ఎక్స్‌రే చాలా ముఖ్యం కాబట్టి నేనైతే డీఎఫ్‌డీబీఏ వైపే మొగ్గుతాను.

పీఆర్ఎఫ్ గురించి. ఇది బోన్ గ్రాఫ్ట్ కాదు, చోటు నిలబెట్టదు. మొదటి వారం నొప్పి, వాపు తగ్గించడంలో, చిగురు మానడంలో బాగా సాయపడుతుంది. ఎముక విషయంలో ఆధారాలు ఇంకా కలగాపులగంగానే ఉన్నాయి. గ్రాఫ్ట్ గింజల్ని పట్టి ఉంచే జిగురుగా దానికి విలువ ఉంది. తయారీలో జరిగే తప్పులు మాత్రం చెప్పాలి. యాంటీకోయాగులెంట్ లేని 10 మి.లీ. గ్లాస్ ట్యూబులు, లేదా లోపల సిలికా పూత ఉన్న ప్లాస్టిక్ ట్యూబులు కావాలి. ఊదా మూత ఈడీటీఏ, ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబుల్లో గడ్డ కట్టదు. పసుపు మూత జెల్ ట్యూబ్ కూడా వద్దు. రక్తం తీసిన రెండు నిమిషాల్లోపు మెషీన్ తిరగాలి. ఆలస్యమైతే ఫైబ్రిన్ అప్పటికే అక్కడక్కడ కట్టేసి, చివరికి చిన్న, మెత్తటి ముద్ద వస్తుంది.

అందరూ 2700 ఆర్‌పీఎం, 12 నిమిషాలు అని రాస్తారు. ఆర్‌పీఎం ఒక్కటే చెబితే అర్థం లేదు. రోటర్ వ్యాసార్థం 8 సెం.మీ. అయితే 2700 దగ్గర బలం దాదాపు 650 జీ. అదే 16 సెం.మీ. పెద్ద ల్యాబ్ మెషీన్ అయితే 1300 జీ, రెట్టింపు. మీ కాలేజీ ల్యాబ్ సెంట్రిఫ్యూజ్‌లో పీఆర్ఎఫ్ బిగుసుకుపోయి, సన్నగా వస్తోందంటే కారణం ఇదే కావచ్చు. స్కేలుతో ఇరుసు నుంచి ట్యూబ్ అడుగు దాకా కొలిచి, సెంటీమీటర్లని ఆర్‌పీఎం వర్గంతో, దాన్ని 0.00001118తో గుణించండి, జీ వస్తుంది. గడ్డని ఎర్ర భాగం నుంచి కత్తిరించేటప్పుడు ఒకటి రెండు మి.మీ. ఎరుపు ఉంచండి. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండేది ఆ సరిహద్దు దగ్గరే.

---

పీజీ_కన్జర్వేటివ్

మేడమ్, సార్, చాలా ధన్యవాదాలు. ఒక ఇబ్బంది. పేషెంట్ మెంబ్రేన్, గ్రాఫ్ట్ రెండూ భరించలేడు. పీఆర్ఎఫ్‌నే నొక్కి మెంబ్రేన్‌లా వాడితే సరిపోతుందా? ఏదో ఒకటే కొనగలిగితే ఏది కొనాలి?

---

పెరియో_విజయవాడ

పీఆర్ఎఫ్ మెంబ్రేన్ ఒకటి రెండు వారాల్లో కరిగిపోతుంది. గుంటలో ఎముక అల్లుకోవడానికి అడ్డుగోడ అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలవాలి. రెండు మూడు పొరలు వేసినా కొలాజెన్‌కి సమానం కాదు. ఈ కేసులో దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఒక్కటే అంటే కొలాజెన్ మెంబ్రేన్ కొనండి. కానీ కింద ఏమీ లేకపోతే తడిసిన కొలాజెన్ 12 మి.మీ. గుంటలోకి కుంగిపోతుంది, పెదవి ఒత్తిడి కూడా తోడవుతుంది. కాబట్టి కింద చవకైన ఆధారం కావాలి. అందుకు కాల్షియం సల్ఫేట్ మంచిది. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పూర్తిగా కరిగిపోతుంది, కరిగేలోపు టిష్యూని లోపలికి రానివ్వదు. రక్తం చెమ్మ ఎక్కువగా ఉంటే సరిగా సెట్ అవదు, అందుకని కొద్ది కొద్దిగా పెట్టి పొడి గాజుగుడ్డతో నొక్కుతూ పోవాలి. సర్జికల్ గ్రేడ్, స్టెరైల్ ప్యాక్‌లో వచ్చేదే వాడాలి. ల్యాబ్‌లో మోడళ్లు పోసే ప్లాస్టర్ కూడా కాల్షియం సల్ఫేటే కదా అని ఆటోక్లేవ్ చేసి వాడే ఆలోచన ఎవరికీ రాకూడదు. దాంట్లో రంగులు, సెట్టింగ్ మార్చే రసాయనాలు కలుపుతారు.

లీజన్ పాలటల్ వైపు తెరుచుకోకపోయి ఉంటే ఈ ఖర్చులేవీ వద్దనే చెప్పేదాన్ని.

---

ఓఎంఎఫ్ఎస్_విశాఖ

కుట్టడం, ఆ తర్వాతి పది రోజుల గురించి ఎవరూ రాయలేదు. గ్రాఫ్ట్ ఎంత బాగా పెట్టినా అక్కడే పాడయ్యే కేసులు చాలా ఉన్నాయి.

సర్జరీ జరుగుతున్నంతసేపూ ఫ్లాప్ లోపలి వైపు ఎండకూడదు. అసిస్టెంట్ మధ్య మధ్యలో సెలైన్ చిలకరిస్తూ ఉండాలి. రిట్రాక్టర్ ఎముక మీద ఆనాలి, ఫ్లాప్ మీద కాదు. నలిగిన, ఎండిన ఫ్లాప్ కుంచించుకుపోతుంది. దాన్ని లాగి కుడితే నాలుగో రోజుకి అంచు తెరుచుకుని మెంబ్రేన్ బయటపడుతుంది. కుట్టే ముందే ఫ్లాప్‌ని స్థానంలో పెట్టి చూడండి. లాగకుండా వచ్చి కూర్చోవాలి. రాకపోతే ఫ్లాప్ అడుగున పెరియోస్టియంని సన్నగా గీరి వదులు చేసుకోవాలి.

కుట్టే ముందు తడి గాజుగుడ్డతో 3 నిమిషాలు, కుట్టాక 5 నిమిషాలు వేళ్లతో అదిమి ఉంచండి. ఫ్లాప్‌కీ ఎముకకీ మధ్య పలుచటి ఫైబ్రిన్ పొర ఉంటే అతుక్కుంటుంది, మందంగా రక్తం చేరితే అదే ఇన్‌ఫెక్షన్‌కి ఆహారం. ఈ 5 నిమిషాలు గడియారం చూసి లెక్కపెట్టండి. 5-0 లేదా 6-0 పాలిప్రొపిలీన్ వాడండి. సిల్క్ దారం నోట్లోని బ్యాక్టీరియాని ఒత్తిలా లోపలికి పీల్చుతుంది. మెంబ్రేన్ లేకపోతే కుట్లు 3 నుంచి 5 రోజులకి తీసేయవచ్చు, ఇక్కడ వారం దాకా ఉంచండి.

ఇంటికి పంపేటప్పుడు చెప్పాల్సిన అతి ముఖ్యమైన మాట: పెదవి ఎత్తి అద్దంలో చూసుకోవద్దు. పేషెంట్లు కుట్లు ఎలా ఉన్నాయో చూద్దామని, ఇంట్లో వాళ్లకి చూపిద్దామని పెదవి లాగుతారు. మొదటి మూడు రోజుల్లో ఫ్లాప్‌ని పట్టి ఉంచేది ఆ సన్నటి ఫైబ్రినే, లాగితే ఊడిపోతుంది. మొదటి రోజు ఐస్ 20 నిమిషాలు పెట్టి 20 నిమిషాలు తీయాలి. మొదటి రోజు పుక్కిలించడం వద్దు. రెండో రోజు నుంచి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ. రోజుకి రెండుసార్లు నోట్లో ఊరికే ఉంచుకుని వదిలేయాలి, గడగడా పుక్కిలించకూడదు. నొప్పికి ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి రెండు మూడు రోజులు. కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు ఉంటే పారాసెటమాలే. ఈ మందులు ఎముక కట్టడాన్ని ఆపేస్తాయని భయపడేవాళ్లున్నారు, రెండు మూడు రోజుల వాడకానికి ఆ భయం అక్కర్లేదు.

ఖైనీ గురించి గట్టిగా మాట్లాడాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగబడుతుంది, గుంటకి రక్తమే అందకపోతే ఎముక ఎక్కడి నుంచి కడుతుంది? పైగా ఖైనీలో కలిపే సున్నం కుట్ల మీద పడితే చిగురు కాలుతుంది. సర్జరీకి రెండు వారాల ముందు, తర్వాత కనీసం ఎనిమిది వారాలు మానాలి. 'తగ్గించండి' అంటే ఎవరూ తగ్గించరు. తేదీ రాసి ఇవ్వండి, ఆ తేదీకి మానకపోతే సర్జరీ వాయిదా వేయండి. మా ఉత్తరాంధ్ర వైపు, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లాలో, అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా కనిపిస్తారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునేవాళ్లకి అంగిటి చర్మమే మారిపోయి ఉంటుంది. అలాంటివాళ్లలో అంగిటి వాపుని పంటి గడ్డే అనుకుని వదిలేయకండి, ముందు బయాప్సీ.

హెచ్‌బీఏ1సీ 6.4కి ఇబ్బంది లేదు. పేషెంట్ వయసు 34 కాబట్టి ఈ కేసుకి అవసరం రాకపోవచ్చు గానీ, పెద్ద వయసువాళ్లని ఎముకల బలానికి మందులు వాడుతున్నారా అని అడగడం మరిచిపోవద్దు. అలెండ్రొనేట్ వారానికొక మాత్ర కాబట్టి దాన్ని మందుగా లెక్కవేయరు. జోలెడ్రొనేట్ ఏడాదికొక సెలైన్, డెనోసుమాబ్ ఆరు నెలలకొక ఇంజెక్షన్. 'ఏం మందులు వాడుతున్నారు' అంటే చెప్పరు, 'ఏడాదిలో ఏమైనా ఇంజెక్షన్ చేయించుకున్నారా' అంటే చెబుతారు. క్యాన్సర్ కోసం వీటిని పెద్ద మోతాదులో తీసుకున్నవాళ్లలో దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఎక్కువ, అక్కడ ఈ సర్జరీ గురించే మళ్లీ ఆలోచించాలి.

---

రేడియాలజీ_తిరుపతి

మీ చివరి ప్రశ్నకి నా వంతు.

సర్జరీ అయిన రోజే, కుట్లు వేశాక ఒక ఐఓపీఏ (నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే) తీసి పెట్టుకోండి. అది లేకపోతే ఆరు నెలల తర్వాత దేనితో పోల్చాలి? హోల్డర్‌తో పారలల్ టెక్నిక్‌లో తీయండి, ప్రతిసారీ అదే హోల్డర్, వీలైతే కొరికిన ముద్ర కూడా దాచుకోండి. కోణం మారితే నిండని గుంట నిండినట్టు, నిండింది నిండనట్టు కనిపిస్తుంది.

తర్వాత 6 నెలలకి, 12 నెలలకి, ఆపైన ఏడాదికోసారి నాలుగేళ్ల దాకా. 1999లో రూబిన్‌స్టైన్, కిమ్ మైక్రోస్కోప్‌తో చేసిన కేసుల్లో 5 మి.మీ. లోపు గుంటలు సగటున 6.4 నెలల్లో, 6 నుంచి 10 మి.మీ.వి 7.25 నెలల్లో, 10 దాటినవి 11 నెలల్లో నిండాయి. మీది మూడో గుంపు, పైగా రెండు గోడలు లేనిది. ఆరు నెలలకి సగమే నిండితే కంగారు పడకండి.

చదివేటప్పుడు రూడ్, ఆండ్రియాసెన్ 1972లో ఇచ్చి, తర్వాత మోల్వెన్ వాళ్లు సవరించిన నాలుగు వర్గాలే వాడండి: పూర్తి మానుదల, అసంపూర్ణ మానుదల అంటే మచ్చ టిష్యూ, సందిగ్ధం, విఫలం. మీ కేసులో తేడా పడేది మొదటి రెండింటి మధ్యే. రూట్ కోసిన ముఖం చుట్టూ పీడీఎల్ గీత, లామినా డ్యూరా (దాని చుట్టూ తెల్లటి ఎముక గీత) మళ్లీ కనిపిస్తూ, దానికి దూరంగా గుంట మధ్యలో అంచులు ఎగుడుదిగుడుగా చిన్న నల్ల మచ్చ మిగిలితే అది స్కార్. చుట్టూ ఎముక గట్టిపడి తెల్లగా ఉంటుంది. అది జబ్బు కాదు, మళ్లీ తెరవక్కర్లేదు. అదే నలుపు రూట్ ముఖానికి ఆనుకుని, గుండ్రంగా, పెరుగుతూ ఉంటే అది వైఫల్యం. ఏడాదికి సందిగ్ధంగా ఉంటే నాలుగేళ్ల దాకా చూడవచ్చు. నాలుగేళ్లకీ అలాగే ఉంటే విఫలం కింద లెక్కవేయాలి.

గ్రాఫ్ట్ పెట్టిన గుంటలో ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుందని పెరియో మేడమ్ సరిగ్గానే చెప్పారు. అలాంటప్పుడు గుంట మధ్యలో తెలుపు చూడకండి, రూట్ ముఖం చుట్టూ గీత చూడండి. పాలటల్ ప్లేట్ కట్టిందా అన్నది ఐఓపీఏ చెప్పదు. అది తెలియాలంటే 12 నెలలకి చిన్న ఫీల్డ్, 5 × 5 సెం.మీ. సీబీసీటీ ఒక్కటి చాలు. ఐఓపీఏలో మానినట్టు కనిపించిన కేసుల్లో కొన్ని సీబీసీటీలో మానలేదని తేలుతుంది, ఆశ్చర్యపోవద్దు. పోస్ట్ నుంచి వచ్చే నల్ల చారల్ని లీజన్ అనుకోకండి.

మధ్యలో సైనస్ ట్రాక్ట్ (చీము కారే చిన్న రంధ్రం) వస్తేనో, ఒకేచోట ప్రోబ్ 3 నుంచి హఠాత్తుగా 8, 9 మి.మీ. లోపలికి దిగితేనో ఏడాది ఆగకండి. అలా ఒకేచోట సన్నగా లోతుగా దిగితే పోస్ట్ వల్ల రూట్ నిలువునా చీలిందనే ముందు అనుమానించాలి.

---

పీజీ_కన్జర్వేటివ్

అన్నీ నోట్ చేసుకున్నాను. ఖైనీకి తేదీ రాసి ఇచ్చి, కాల్షియం సల్ఫేట్, రెండు వైపులా కొలాజెన్, రెట్రోఫిల్‌కి పుట్టీ అనుకుంటున్నాం. చివరిగా ఒక్కటి. సర్జరీ తర్వాత 11 చల్లదనానికి స్పందించకపోతే ఎప్పుడు ఆర్‌సీటీ మొదలుపెట్టాలి?

---

ఎండో_హైదరాబాద్

వెంటనే తెరవకండి. గుంట పక్కన నరాలు నలిగి, కొన్ని నెలలపాటు చల్లదనానికీ ఈపీటీకీ (కరెంటుతో పంటి నరం పరీక్ష) స్పందన లేకపోవడం మామూలే. నరం మొద్దుబారినా రక్తం అందుతూ ఉండవచ్చు. సర్జరీకి ముందు 11, 13, 21 మూడింటికీ ఈపీటీ అంకెలు కేస్ షీట్‌లో రాసి పెట్టుకోండి. 1, 3, 6, 12 నెలలకి మళ్లీ చూడండి. స్పందన లేకపోవడం ఒక్కటే కారణంగా పల్ప్ (పంటి లోపలి నరం, రక్తనాళాలు) తీయొద్దు. దానికి తోడు రంగు బూడిద తిరగడం, తట్టితే నొప్పి, 11 ఎపెక్స్ దగ్గర పీడీఎల్ వెడల్పు పెరగడం, వీటిలో ఒకటైనా కనిపిస్తేనే తెరవాలి. 12 దగ్గర గుంట నిండుతూ, 11 ఎపెక్స్ దగ్గర మాత్రం నలుపు పెరుగుతోందంటే మీ గ్రాఫ్ట్ విఫలమైందని అనుకోకండి, 11 పల్ప్ చచ్చిపోయిందేమో చూడండి.